ఈసారి ఫిక్స్చర్‌లో ఒక పేరు లేదు

పోయిన నెల ఇంటర్ కాలేజియేట్ ఫిక్స్చర్ వచ్చింది. పీడీ సార్ మా బాస్కెట్‌బాల్ గ్రూపులో ఫొటో పెట్టారు. ఆ ఫొటో రాగానే మేమందరం జూమ్ చేసి ముందు చూసేది ఒక్కటే, "వాళ్ళు" మన సగంలో పడ్డారా, అవతలి సగంలో పడ్డారా అని. వాళ్ళంటే దూరం ఊరి కాలేజీ ఒకటి. పేరు రాయడం లేదు, మన గర్ల్స్ టీంలో ఎవరినడిగినా చెప్తారు. నా ఫస్ట్ ఇయర్‌లో మమ్మల్ని 52-19తో ఓడించారు. సెకండ్ ఇయర్‌లో 44-31. రెండుసార్లూ అది మా మొదటి మ్యాచే. రెండుసార్లూ పొద్దున ఆడి, మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రం బండెక్కి ఇంటికొచ్చేశాం.

ఈసారి ఫొటోలో ఆ పేరే లేదు. మళ్ళీ చూశాం, లేదు. గ్రూపంతా డాన్సు బొమ్మలు, పటాసుల బొమ్మలు. నేను కూడా రెండు పెట్టాను. పది నిమిషాల తర్వాత మా కెప్టెన్ అక్క ఒకే ఒక మెసేజ్ పెట్టింది.

"ఏందిమే ఆ సంబరం? మనం బాగయినామా లేదా అనేది ఇంక ఎవరితో ఆడి తెలుసుకుంటారు?"

గ్రూపు చప్పబడిపోయింది. ఆ ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు. నెలరోజులుగా నా బుర్రలో అదే తిరుగుతోంది. అందుకే ఈ సంచికకి కవిత ఇస్తానని చెప్పి ఇది ఇస్తున్నాను. ఎడిటర్ అన్నా, సారీ.

ముందు వాళ్ళు ఎక్కడికి పోయారో చెప్పాలి. వాళ్ళు బాస్కెట్‌బాల్ మానెయ్యలేదు. వాళ్ళ కాలేజీ యూనివర్సిటీ అయ్యింది, అంతే. ఆటలు ఆడనివాళ్ళకి ఈ లెక్క తెలీదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మనలాగా జేఎన్టీయూ అనంతపురం కింద ఉన్న కాలేజీలు ముందు తమలో తాము ఆడతాయి. అక్కడ బాగా ఆడినవాళ్ళలోంచి పన్నెండుమందిని ఏరి యూనివర్సిటీ టీం చేస్తారు. ఆ టీం సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంట్‌కి పోతుంది. అక్కడ పైకొచ్చిన టీంలు ఆలిండియాకి పోతాయి. దేశం మొత్తం మీద దీన్ని నడిపించేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, అందరూ ఏఐయూ అంటారు. 1925లో పుట్టిన సంస్థ. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌కి పోవాలన్నా ఈ మెట్లే ఎక్కాలి. అంటే నువ్వు ఎవరితో ఆడాలి అనేది నీ ఊరు ఎక్కడుంది అన్నదాన్ని బట్టి ఉండదు, నీ సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ ముద్ర పడుతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కాలేజీ సొంతంగా యూనివర్సిటీ అయిపోతే దానికి ఈ కింది మెట్టుతో పని లేదు. నేరుగా సౌత్ జోన్‌కి టీం పంపుకుంటుంది. ఇది ఒక్క రోజులో జరిగేది కూడా కాదు. పాత బ్యాచ్‌లు చదువు అయ్యేవరకు పాత యూనివర్సిటీ కిందే ఉంటాయి. అందుకే వాళ్ళ పేరు మా ఫిక్స్చర్‌లో ఇన్నాళ్ళు కనిపించి, ఇప్పుడు పోయింది.

ఇది ఒక్క కాలేజీ కథ కాదు. 2022లో శ్రీ విద్యానికేతన్ ఇంజనీరింగ్ కాలేజీ మోహన్ బాబు యూనివర్సిటీ అయ్యింది. రాజంపేట అన్నమాచార్య కూడా ఇప్పుడు యూనివర్సిటీయే. ఇంకా వెనక్కి పోతే మన జేఎన్టీయూఏనే ఇట్లాంటి విడిపోవడంతో పుట్టింది. 1946లో మొదలైన అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ 1972లో జేఎన్టీయూలో కలిసింది. 2008లో జేఎన్టీయూ విడిపోయి హైదరాబాద్, కాకినాడ, అనంతపురం వేరు వేరయ్యాయి. అదే 2008లో కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ వచ్చింది, దాంతో అంతకుముందు శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ కింద ఉన్న కర్నూలు జిల్లా డిగ్రీ కాలేజీలు అటు పోయాయి. అంతవరకు ఏటా ఎదురుపడిన అనంతపురం, కర్నూలు టీంలు ఆ తర్వాత ఒకే టోర్నమెంట్‌లో లేవు. ఆ రోజు ఆ పిల్లల గ్రూపులో (అప్పుడు వాట్సాప్ లేదు, నోటీసు బోర్డు ముందు అనుకోండి) ఎవరైనా మా అక్కలాగా అడిగారో లేదో.

మా పెద్దనాన్న కొడుకు అరిజోనా స్టేట్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. ఫోన్‌లో ఈ సంగతి చెప్తే నవ్వాడు. "మీ చిన్న టోర్నమెంట్‌కే ఇంత ఏడుస్తున్నావు, ఇక్కడ ఏకంగా ఒక కాన్ఫరెన్స్ ఖాళీ అయిపోయింది" అన్నాడు. ఆ రాత్రి కూర్చుని చదివాను. మరుసటి రోజు డీబీఎంఎస్ ఇంటర్నల్ ఉండింది, దాని గురించి అడగొద్దు.

అక్కడ కాలేజీ టీంలు కాన్ఫరెన్స్ అనే గుంపులుగా ఉంటాయి. కాన్ఫరెన్స్ అంటే సులువుగా చెప్పాలంటే ఒక ఒప్పందం. "ప్రతి ఏడూ మనం ఒకరితో ఒకరం ఆడతాం" అని. పసిఫిక్ తీరం కాలేజీల కాన్ఫరెన్స్ 1915లో మొదలైంది, తర్వాత పేర్లు మారి చివరికి ప్యాక్-12 అయ్యింది. బాస్కెట్‌బాల్‌లో 11 జాతీయ టైటిళ్ళు గెలిచిన యూసీఎల్ఏ ఇందులోదే. ఆ పదకొండులో పది జాన్ వుడెన్ కోచ్‌గా ఉన్నప్పుడు వచ్చినవి.

2022 జూన్‌లో యూసీఎల్ఏ, యూఎస్సీ మేం పోతున్నాం అన్నాయి. తర్వాతి ఏడాది మిగిలినవి ఒకదాని వెనక ఒకటి లేచాయి. 2024 ఆగస్టు వచ్చేసరికి పన్నెండులో పది వెళ్ళిపోయాయి. యూసీఎల్ఏ, యూఎస్సీ, ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లోకి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా, కొలరాడో బిగ్ 12లోకి. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా బర్క్‌లీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లోకి. పసిఫిక్ సముద్రం పక్కనున్న కాలేజీ అట్లాంటిక్ కోస్ట్‌లో ఆడుతోంది! బిగ్ టెన్ అని పేరు, అందులో ఇప్పుడు టీంలు 18. మన ఊర్లో దీన్ని పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారో ఇంకేమంటారో మీరే చెప్పండి.

ఎందుకు పోయాయి? డబ్బుకి. అదీ బాస్కెట్‌బాల్ డబ్బు కూడా కాదు, వాళ్ళ ఫుట్‌బాల్‌కి టీవీ కంపెనీలు ఇచ్చే డబ్బు. ఫుట్‌బాల్ వాళ్ళు వారానికి ఒక్క మ్యాచ్ ఆడతారు. దాని కోసం తీసుకున్న నిర్ణయానికి బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆడే పిల్లలు లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీ దాకా విమానాలెక్కి తిరగాలి, మధ్యలో క్లాసులు. వాళ్ళని ఎవరూ అడగలేదు. యూసీఎల్ఏలో ఆడి పెద్దవాడైన బిల్ వాల్టన్ ఆ కాన్ఫరెన్స్‌ని సొంత ఇల్లులా చెప్పుకునేవాడు, టీవీలో కామెంటరీ చెప్తూ ప్రతి మ్యాచ్‌లో పొగిడేవాడు. 2024 మే 27న పోయాడు. ఇంకో రెండు నెలలకి కాన్ఫరెన్స్ ఖాళీ అయ్యింది.

ఇది చదివి ముందు నాకు కోపం వచ్చింది, తర్వాత ఒక సంగతి తట్టింది. వాళ్ళ మార్పుకీ మన మార్పుకీ పోలిక ఉంది కానీ, ఒక్కచోట తేడా చాలా పెద్దది. బిగ్ టెన్‌లో మగపిల్లల టీం ఒక సీజన్‌లో కాన్ఫరెన్స్ మ్యాచ్‌లే 20 ఆడుతుంది. ఓడితే మళ్ళీ రెండు మూడు రోజుల్లో ఇంకో మ్యాచ్ ఉంటుంది. మేం ఆడినవన్నీ నాకౌట్. ఓడితే బండెక్కడమే. వాళ్ళకి సీజన్ ఉంది. మాకు ఒక పూట ఉంది. రెండేళ్ళలో నేను కాలేజీ తరఫున ఆడిన అసలు మ్యాచ్‌లు రెండు. రెండేళ్ళు పొద్దున ఐదున్నరకి లేచి, మెకానికల్ బ్లాక్ వెనక కోర్టులో చీపురు పట్టుకుని రాళ్ళు ఊడ్చి ప్రాక్టీస్ చేసింది, మొత్తం కలిపి ఎనభై నిమిషాల కోసం. అందులో నేను కోర్టులో ఉన్నది సగం కూడా కాదు.

అందుకే ఒక మంచి టీం వెళ్ళిపోతే అమెరికాలో వాళ్ళకి ఇరవైలో ఒకటో రెండో మ్యాచ్‌లు మారతాయి. మనకి ఉన్న ఒక్కటీ మారిపోతుంది.

ఇక్కడ అవతలి మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నేను పీడీ సార్‌తో ఈ గోడు చెప్పుకుంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇంతకుముందు పాత ఉమ్మడి జిల్లాలు ఐదింటి ఇంజనీరింగ్ కాలేజీలన్నిటికీ కలిపి సౌత్ జోన్‌కి పోయేది పన్నెండుమందే. ఇప్పుడు కొత్తగా యూనివర్సిటీ అయిన ప్రతిచోట నుంచీ ఇంకో పన్నెండుమంది పోతున్నారు. అది పిల్లలకి మంచిదా, చెడ్డదా?" అన్నారు. మంచిదే. కాదనలేను. వాళ్ళ టీంలో బెంచ్ మీద కూర్చున్న అమ్మాయి కూడా ఈ ఏడు సౌత్ జోన్ చూస్తుంది. ఇంకో మాట కూడా అన్నారు. "వాళ్ళు పోయారు కాబట్టి యూనివర్సిటీ టీంలో ఈసారి మన పిల్లలకి చోటు దొరకొచ్చు." అదీ నిజమే. మా కెప్టెన్ అక్కకే ఆ ఛాన్స్ ఎక్కువ. అయినా ఆ మెసేజ్ పెట్టింది అక్కే.

కాబట్టి కాలేజీలు యూనివర్సిటీలు కాకూడదు అని నేను అనడం లేదు. అన్నా ఆగదు. మా పెనుకొండ వాళ్ళకి ఇట్లాంటి మార్పులు కొత్త కూడా కాదు. 1565లో తళ్ళికోట యుద్ధం అయ్యాక విజయనగర రాజధాని హంపి నుంచి మా ఊరికొచ్చింది, తర్వాత మా ఊరినీ వదిలి చంద్రగిరికి పోయింది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా అయ్యాం. జిల్లా కేంద్రం హిందూపురంలో పెట్టాలని అక్కడివాళ్ళు ఎంత అడిగినా పుట్టపర్తిలో పెట్టారు. గీతలు గీసేవాళ్ళు గీస్తూనే ఉంటారు. గీత మారినంత మాత్రాన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కదిలిపోలేదు. అవే రైలు పట్టాలు, అదే వరస. రోజూ వాటి మీదే మనలో సగంమంది కాలేజీకి వస్తున్నాం.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. ఫిక్స్చర్ యూనివర్సిటీ ఇస్తుంది, నిజమే. పక్క ఊరి టీంతో ఆడటానికి మాత్రం ఎవరి ఫిక్స్చరూ అక్కర్లేదు. మనం ఇన్నేళ్ళూ ఆ ఒక్క పూట కోసం ఎదురుచూస్తూ, ఇంటి పక్కనున్న వాళ్ళతో ఆడటం మర్చిపోయాం. హిందూపురంలో కాలేజీలున్నాయి, ధర్మవరంలో ఉన్నాయి, పెనుకొండలో డిగ్రీ కాలేజీ ఉంది, అనంతపురంలో సరేసరి. ఒకటి జేఎన్టీయూ కింద, ఒకటి ఎస్కేయూ కింద, ఒకటి పాలిటెక్నిక్. అందుకే వీళ్ళెవరూ ఏ టోర్నమెంట్‌లోనూ ఒకరికొకరు తగలరు. మా టీంలో ధర్మవరం అమ్మాయి ఉంది, మగ్గం ఇంటి పిల్ల. వాళ్ళ ఇంటి వెనక వీధిలో ఉండే అమ్మాయి డిగ్రీ కాలేజీకి ఆడుతుంది. ఇద్దరూ స్కూల్లో ఒకే టీం. ఇప్పుడు మూడేళ్ళుగా ఒకరితో ఒకరు ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఎందుకంటే ముద్రలు వేరు.

కాబట్టి నా ప్రతిపాదన. ఒక చిన్న లీగ్ పెట్టుకుందాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, వస్తే అనంతపురం. యూనివర్సిటీతో పని లేదు, ఐడీ కార్డు ఉన్న ఏ కాలేజీ అయినా సరే. ఐదుగురి ఆట కాదు, ముందు త్రీ ఇంటు త్రీ ఆడదాం. టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన ఆట ఇది, వీధి ఆటలోంచే వచ్చింది. టీంకి నలుగురు చాలు, ముగ్గురు కోర్టులో, ఒకరు బయట. సగం కోర్టు, ఒకే రింగు. పది నిమిషాల ఆట, ముందు 21 పాయింట్లు చేరినవాళ్ళు అక్కడికక్కడే గెలిచినట్టు. మన జిల్లాలో చాలా కాలేజీల్లో గర్ల్స్ టీంకి పన్నెండుమంది దొరకరు, మాకే ఏడుగురం. నలుగురు ఎక్కడైనా దొరుకుతారు. రెండు రింగుల్లో ఒకటి విరిగిపోయిన కోర్టులు కూడా ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఒక్కటి బాగుంటే చాలు. ఒక ఆదివారం పొద్దున నాలుగు టీంలు కలిస్తే ఒక్కో టీం మిగిలిన మూడింటితో ఆడి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. మూడు మ్యాచ్‌లు! నేను రెండేళ్ళలో ఆడినదానికంటే ఒకటి ఎక్కువ.

ఇంకో కారణం, ఇది అబ్బాయిలకి అంతగా తట్టదు. మా నాన్న మంచాయనే. కానీ టోర్నమెంట్ రెండు రోజులు, రాత్రి అక్కడే ఉండాలి అంటే ఇంట్లో వారం రోజుల చర్చ. ఎవరెవరు పోతున్నారు, మేడం వస్తుందా, ఎక్కడ పండుకుంటారు. మా టీంలో ఇద్దరు బాగా ఆడేవాళ్ళు ఈ చర్చలో ఓడిపోయే ఆట మానేశారు. అదే "ధర్మవరం పోయొస్తా నాన్నా, రెండు గంటలకల్లా వచ్చేస్తా" అంటే ఆయన తలెత్తకుండానే "పో" అంటాడు. దగ్గర అనేది అమ్మాయిలకి సౌకర్యం కాదు, ఆడటమా మానడమా అన్నది దాని మీదే తేలుతుంది.

"ఇది అయ్యే పనేనా, ఎవరు చేస్తారు, సర్టిఫికెట్ ఇస్తారా" అని అడిగేవాళ్ళుంటారు. సర్టిఫికెట్ ఉండదు. ప్లేస్‌మెంట్‌కి పనికిరాదు. కానీ ప్యాక్-12లో చివర్న ఏమైందో చెప్పలేదు కదా. పదిమంది పోగా ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అని రెండే మిగిలాయి. రెండు టీంలతో కాన్ఫరెన్స్ ఏముంటుంది? అందరూ అయిపోయింది అనుకున్నారు. ఆ రెండూ బాస్కెట్‌బాల్‌ని వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతూనే, పక్కనున్న వాళ్ళని పిలవడం మొదలుపెట్టాయి. బాయిసీ స్టేట్, శాన్ డియేగో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, బాస్కెట్‌బాల్‌లో పెద్ద పేరున్న గొంజాగా, ఇంకా కొన్ని ఒప్పుకున్నాయి. 2026 జులై నుంచి ఆ కాన్ఫరెన్స్ మళ్ళీ నిండుగా లెక్క. వెళ్ళినవాళ్ళని తిడుతూ కూర్చోకుండా మిగిలినవాళ్ళు చేసిన పని ఇది. వాళ్ళకి టీవీ డబ్బులు, లాయర్లు ఉన్నారు, మనకి లేరు, ఒప్పుకుంటా. మనకి కావాల్సింది కూడా ఒక బంతి, ఒక విజిల్, రైలు టికెట్టే.

మన కోడింగ్ క్లబ్బు హ్యాకథాన్ పెడితే మూడు జిల్లాల నుంచి పిల్లలు వస్తారు. నీది ఏ యూనివర్సిటీ అని అక్కడ ఎవరూ అడగరు. అది చేయగలిగినవాళ్ళం ఇది చేయలేమా? స్కోర్లు పెట్టే యాప్ నేను రాస్తాను. రెఫరీలుగా సీనియర్ అన్నలు ఇద్దరు ఇప్పటికే సరే అన్నారు. పీడీ సార్ ఇంకా సరే అనలేదు, "చూద్దాం" అన్నారు. ఆయన చూద్దాం అంటే సగం సరే అన్నట్టే.

చివరగా ఒకటి. పోయిన ఏడు 44-31తో ఓడిన మ్యాచ్ అయ్యాక వాళ్ళ పాయింట్ గార్డ్ నా దగ్గరికి వచ్చింది. నేను ఏడుపు ఆపుకుంటూ షూ లేసులు విప్పుకుంటున్నాను. "నువ్వు డ్రిబుల్ చేసేటప్పుడు కింద బంతినే చూస్తావు, అందుకే నీ దగ్గర అన్నిసార్లు కొట్టేశాను. తల పైకెత్తి పెట్టు" అని చెప్పి పోయింది. అంతే. ఆ ఏడాదంతా నేను ఆ ఒక్కటే ప్రాక్టీస్ చేశాను. బస్టాండులో, హాస్టల్ మెట్ల దగ్గర, తల పైకెత్తి. ఈ ఏడు ఆ అమ్మాయికి చూపిద్దామనుకున్నాను.

ఫిక్స్చర్ వచ్చిన వారానికి ఆమె ఇన్‌స్టా వెతికి మెసేజ్ పెట్టాను. మీరు ఇంక మాతో ఆడరంట కదా అని. "అవునక్కా, మాకూ బోరే, ఇక్కడ క్యాంపస్‌లో మాలో మేమే ఆడుకుంటున్నాం" అంది. నన్ను అక్కా అంది, నాకంటే చిన్నదని అప్పుడే తెలిసింది. మేం లీగ్ పెడితే వస్తారా అని అడిగాను. పర్మిషన్ అడుగుతాను అంది. వాళ్ళకి దూరమే. వస్తే మాత్రం మా సగం కోర్టు వాళ్ళదీ.

పేర్లు ఇవ్వాలనుకునేవాళ్ళు లైబ్రరీ పక్క నోటీసు బోర్డులో కాగితం అంటించాను, రాయండి. టీంకి నలుగురు. ఆడటం రాకపోయినా పర్లేదు, మేం 52-19తో మొదలుపెట్టినవాళ్ళమే.